వెనక గదిలో ఐదు నెలలు

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు సిస్టర్ విమల లక్డారం రోడ్డు మీది మఠం దవాఖాన తలుపు తీసింది. రోజూ తీసేది ఆయా మొగులమ్మ. తలుపు తీశాక విమల బల్ల దగ్గరికి వెళ్లలేదు, రోగులు కూర్చునే బెంచీ మీద గోడవైపు చివర కూర్చుంది. ఆ రోజు అక్టోబరు నాలుగు, శనివారం, పునీత ఫ్రాన్సిస్ పండుగ. పది గంటలకు పక్కనే ఉన్న గుడిలో ఆమె నిత్య మాటపట్టు జరగాలి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత, ఈ మూడింటికీ ఆరేళ్లుగా ఏడాదికోసారి మాట ఇస్తూ వచ్చింది, ఇవాళ చచ్చేదాకా ఇవ్వాలి. దానికి ముందు మఠంలోని ఆరుగురు సిస్టర్ల క్షమాపణ కావాలి. నిన్న సాయంత్రం ఐదుగురు ఇచ్చారు. ఆరో ఆమె, సిస్టర్ రెహెమా, ఇవ్వలేదు.

వాళ్ల సన్యాసినుల సభలో అదొక పద్ధతి. మాటపట్టుకు ముందు రోజు సాయంత్రం భోజనాల గదిలో మోకాళ్ల మీద ఒక్కొక్కరి ముందుకు పోయి, వాళ్ల పట్ల చేసిన తప్పును పేరు పెట్టి చెప్పి, క్షమించమని అడగాలి. వాళ్లు క్షమించాను అని తల మీద చెయ్యి పెట్టాలి. ఆరుగురూ ఆ మాట అంటేనే పెద్ద సిస్టర్ స్నేహలత మరునాడు పూజలో పేరు పిలుస్తుంది. పిలవకుండా ఆగిన సందర్భం ఎవరికీ గుర్తు లేదు, ఎందుకంటే చెప్పుకునే తప్పులు అలాంటివి, వంటింట్లో విసుక్కున్నాను, మీ వంతు నీళ్లు నేను వాడుకున్నాను, జపం వేళకు నిద్రపోయాను, విమల కూడా అలాంటివే ఐదు చెప్పి ఐదు చేతులు తల మీద పెట్టించుకుని ఆరో ఆమె ముందుకు వచ్చింది. మిమ్మల్ని వెనక గదిలో కూర్చోబెట్టినందుకు క్షమించండి అంది. ఎందుకు కూర్చోబెట్టిందో చెప్పలేదు. తల వంచి చెయ్యి కోసం చూసింది. చెయ్యి రాలేదు. టాంజానియా నుంచి వచ్చి ఏడాదిన్నర అయిన రెహెమా తెలుగు మొగులమ్మ దగ్గర నేర్చుకుంది, అందుకే మొగులమ్మ గొంతే వినిపించింది భోజనాల గదిలో: "ఈడ కాదు. ఏడ చేసినవో గాడ అడుగు." ఎవరూ నవ్వలేదు. స్నేహలత కంచం వైపు చూసింది. రెహెమా కంచం కడుక్కుని గుడికి వెళ్లిపోయింది.

ఈ బెంచీ మీద విమల ఇదివరకు కూర్చోలేదు. బల్ల అవతలి నుంచే చూసింది దీన్ని. ఇటునుంచి బల్ల ఎత్తుగా ఉంది, బల్ల వెనక రెండు స్టూళ్లు ఉన్నాయి, ఎడమది తనది, కుడిది రెహెమాది, కుడిదాని మీద దూది డబ్బా ఉంది, మే నెల నుంచీ ఉంది, ఎవరు పెట్టారో అనుకోబోయి ఆగింది, తనే పెట్టింది, ఖాళీ స్టూలు కనిపిస్తే ఎవరైనా ఏమైందని అడుగుతారని పెట్టింది. ఎవరూ అడగలేదు. పాశమైలారం వైపు కంపెనీ బస్సు పోయింది, దాని వెనక ఇంకొకటి, ఫస్ట్ షిఫ్టు వాళ్లు. గాలి తిరిగి మందుల కంపెనీ వాసన వచ్చింది. ఈ వాసనకు కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. రెహెమా మొదటి రోజు మూసుకోలేదు, ఇదేం వాసన అని అడిగింది, ఏ కంపెనీది అని అడిగింది, అందులో పనిచేసేవాళ్లకు ఏ జబ్బులు వస్తున్నాయి, మీ రిజిస్టరులో ఉంటుంది కదా అని అడిగింది. రిజిస్టరును అలా చదవొచ్చని అప్పటిదాకా విమలకు తోచలేదు.

"ఏందమ్మా, ఇయ్యాల పెండ్లిపిల్లవు, బెంచీ మీద కూసున్నవు? సుస్తీ గిట్ల చేసిందా?" మొగులమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏం లేదు. నువ్వు ఊడ్చుకో."

"కూసో, కూసో. మీ తాడుకు మూడు ముళ్లు నడుముకే ఏసుకుంటరు గద. మెడకు ఏసుకుంటె తెలుస్తుండె." సిస్టర్ల నడుము తాడుకు మూడు మాటలకూ మూడు ముళ్లు ఉంటాయి. మొగులమ్మ తన మాటకు తనే నవ్వుకుంటూ నంబరు బిళ్లల డబ్బా తెచ్చి కిటికీలో పెట్టింది.

ఒకటో బిళ్ల నర్సింహమ్మ తీసుకుంది, కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమే మనిషి, వేళ్ల సందుల్లో పుండ్లు. రెండోది చిన్నరాములు, బీపీ గోలీలకు. విమల బెంచీ మీద ఉండడం చూసి ఇద్దరూ సగం లేచినట్టు నిలబడ్డారు, కూర్చోమంటే కూర్చున్నారు. పోయిన ఏడాది ఇదే బెంచీ మీద ఇదే నర్సింహమ్మ రెండు చేతులూ రెహెమా ముందు చాపింది, తర్వాత ఫోన్లలో ఆ వీడియో వచ్చింది, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు అని, అందులో ఉన్నది ఏ దేశమో ఎవరికీ తెలియదు, ఉన్నవాళ్లు నల్లగా ఉన్నారు, అంతే. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటోవాళ్లు రెహెమాను చూసి ఏదో అరిచారు, ఆమె వెనక్కి తిరిగి నా పేరు రెహెమా, మీ పేరేంది అని అడిగితే పారిపోయారు. దవాఖానలో ఎవరూ అరవలేదు. దవాఖానలో జరిగింది వేరు. రెహెమా నంబరు పిలిస్తే ఆ నంబరు మనిషి చెప్పుల వైపు చూసేవాడు. నువ్వు పో అక్కా, నాకేం జల్దీ లేదు. పక్కామె ఇంకొకరికి చెప్పేది, నువ్వు పో. షిఫ్టుకు పరుగెత్తేవాళ్లందరికీ ఒక్కసారిగా తొందర లేకుండా పోయింది. అంత మర్యాద విమల అంతకుముందు ఎక్కడా చూడలేదు. రెహెమా ముందు ఎవరూ లేరు, తన ముందు ఇరవై మంది. రెహెమా చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చునేది, తన దేశంలో పన్నెండేళ్లలో మూడు వేల కాన్పులు చేసిన చేతులు.

మొదట వద్దు అని నోటితో అన్నది ఒక్కరే. నిన్న మోకాళ్ల మీద ఉన్నప్పుడు విమల చెప్పకుండా మింగింది అదే. ఆ ఒక్కరు పెద్దమ్మ. తల్లి పోయాక నాలుగో ఏట నుంచి పెంచిన పెద్దమ్మ, షుగరు, ఎడమ మడమ మీద మానని పుండు, బుధవారం శనివారం కట్టు. ఏప్రిల్‌లో ఒక బుధవారం రెహెమా గాజ్ గుడ్డ తీసుకుని వంగింది, పెద్దమ్మ కాలు వెనక్కి లాక్కుంది. నువ్వే కట్టు బిడ్డా. గా నల్లామె చెయ్యి నాకొద్దు, నా పానం జలదరిస్తది. రెహెమాకు అప్పటికే అంత తెలుగు వచ్చు. విమల ఏం చేసింది? గాజ్ అందుకుంది. వంగి కట్టింది. పెద్దమ్మ అంటే గౌరవం అనుకుంది, ముసలామె అనుకుంది, షుగరు ఎక్కువైతే మాట అదుపులో ఉండదు అని కూడా అనుకుంది. ఆ తర్వాత మిగతావాళ్లకు నోటితో చెప్పాల్సిన పని లేకుండా పోయింది, సిస్టరమ్మ ఇంటి మనిషే వద్దన్నది కదా.

మే నెల మొదటి సోమవారం ఆమె రెహెమాతో అన్న మాటలు ఇవి: ముందు గదిలో వేడి ఎక్కువగా ఉంది సిస్టర్, లోపల ఫ్యాను ఉంది, మీరు లోపల కూర్చుని గాజ్ చుట్టి, దాన్ని ఆవిరిలో శుద్ధి చేసే డ్రమ్ములు చూసుకోండి, విధేయతతో అడుగుతున్నాను. మఠంలో విధేయత అంటే దేవుని పేరున అడగడం, ఆ మాట అన్నాక ఎదురు ప్రశ్న ఉండదు. విమల పెద్ద సిస్టర్ కాదు, దవాఖాన బాధ్యత మాత్రమే ఆమెది, ఆ మాట వాడే అధికారం ఆమెకు లేదు. రెహెమాకు అది తెలుసు. సరే సిస్టర్ అని లోపలికి వెళ్లింది. వరుస కదిలింది. రోజుకు అరవై మంది, రిజిస్టరు మళ్లీ నంబరు ప్రకారం. విమల ఆ వారమంతా బాగా నిద్రపోయింది.

ఆ మాటలన్న తన గొంతు ఎక్కడిదో నిన్న సాయంత్రం దాకా తెలియలేదు, వేడి ఎక్కువగా ఉంది, లోపల ఫ్యాను ఉంది, ఆ మెత్తదనం. పాండురంగం సేటుది. పటాన్‌చెరులో ఆయన దుకాణం వెనక పెద్దమ్మ కందులు చెరిగేది, ఆరేళ్ల విమల పక్కన కూర్చుని రాళ్లు ఏరేది. సేటు ఎన్నడూ తిట్టలేదు. గటు నీడకు కూసోండ్రమ్మా, ఎండ తగుల్తది, అనేవాడు, నీడ ఉన్నది నీళ్ల కుండకు అవతల, గోడ పక్కన, దుకాణంలోకి వచ్చేవాళ్లకు కనిపించని చోట. దాహం అంటే పైనుంచి దోసిట్లో పోసేవాడు, చుక్క కింద పడకుండా నిదానంగా పోసేవాడు. పెద్దమ్మ చేతుల మీదుగా పోయిన పప్పే సేటు ఇంట్లో ఉడికేది, ఆ చేతులు కుండను ముట్టకూడదు. మంచోడు సేటు, నీడకు కూసోమంటడు అనేది పెద్దమ్మ, విమల పదిహేనేళ్ల దాకా అది నిజం అనుకుంది. ఊళ్లో మాదిగవాడలో పదకొండు కుటుంబాలు తాత కాలంలోనే జ్ఞానస్నానం తీసుకున్నాయి, దేవుని ముందు అందరూ ఒకటే అని ఫాదరు చెప్పాడు, తాతకు ఆ ఒక్క మాట చాలింది. రెహెమాను తిట్టి వెనక్కి పంపి ఉంటే అది తప్పని విమల గుర్తుపట్టేది, తిట్టడం ఆమెకు రాదు. ఆమె నేర్చుకున్నది నీడకు కూర్చోబెట్టడం.

మూడో బిళ్ల, నాలుగో బిళ్ల. నాలుగోది ఒడిశా నుంచి వచ్చి క్రషర్‌లో పనిచేసే మనిషి, అరచేతికి గుడ్డ చుట్టుకున్నాడు, గుడ్డ మీద రాతి దుమ్ము. ఆరున్నర. మఠం వెనక నుంచి వంటవాళ్లు డేక్షాలు దించుతున్న చప్పుడు. వెనక గది కర్టెన్ కింద లైటు వెలిగింది, రెహెమా వచ్చింది, మూత తీసిన చప్పుడు, గాజ్ చుట్ట విప్పిన చప్పుడు. ఆ గదిలోకి విమల ఆగస్టులో ఒకసారి వెళ్లింది. అంతకు వారం ముందు రెహెమా ఆమెను వరండాలో ఆపి, శనివారం ఎడమ మడమ, గాజ్‌కు అంటిన రసం రంగు మారింది, వాసన కూడా మారింది, రక్తం పరీక్షకు పంపు అంది. విమల చేతులతో కట్టి, కళ్లతో చూసి, గమనించలేదు. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో చెడిన కండ తీసేసి, ఇంకో వారం ఆగితే చీలమండ దాకా తీయాల్సి వచ్చేదన్నారు. ఎలా తెలిసిందో అడుగుదామని విమల వెనక గదికి వెళ్లింది, తలుపు సగం తెరిచి ఉంది. వాడిన కట్లు వేసే పసుపు సంచి తెరిచి ఉంది. రెహెమా చేతికి తొడుగు వేసుకుని ఒక్కో గాజ్ ముక్కను సంచిలోంచి తీసి కిటికీ వెలుగుకు పట్టి చూస్తోంది. చూసి, నోట్‌బుక్‌లో రాస్తోంది, బుధవారం కుడి మోచెయ్యి, తగ్గుతోంది, బుధవారం వేళ్ల సందులు, అలాగే ఉంది, సబ్బు మార్చమనాలి. మూడు నెలల్లో ఆమె ముందుకు ఒక్క ముఖం రాలేదు. నలభై మూడు పుండ్లు ఆమెకు తెలుసు. ఏ పుండు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు మానిందో తెలుసు. తన చెయ్యి వద్దన్నవాళ్ల ఒంటి మీద రోజూ తను చుట్టిన గుడ్డే ఉందని తెలుసు, ఎడమ మడమ ఎవరిదో తెలుసు. విమల తలుపు దగ్గర నిలబడిపోయింది. పూజలో ఫాదరు క్రీస్తు శరీరంగా అప్పం పైకెత్తినప్పుడు కాళ్లు ఎలా కదలవో అలా కదల్లేదు. ఎంతసేపో తెలియదు. తర్వాత తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది. వచ్చి రెండు నెలలు ఏమీ చేయలేదు. అరవై మంది వరుస కదులుతోంది, ఆగితే వాళ్లు సందులోని ఆరెంపీ దగ్గరికి పోతారు, సూది కోసం పోతారు, రోగుల మంచికే కదా. దేవుణ్ణి తలుపు సందులోంచి చూసి వచ్చి రిజిస్టరు రాసుకుంది.

ఫ్రాన్సిస్ గుర్రం మీద పోతూ కుష్ఠురోగిని చూసి, దిగి, ముద్దు పెట్టుకున్న కథ మఠంలో చేరిన మొదటి వారంలో చెప్పారు. అందరికీ నచ్చింది. విమలకు ఒక సందేహం వచ్చింది, అడగలేదు. గుర్రం ఉన్నవాడు దిగుతాడు. మా వాడలో ఎవరికీ గుర్రం లేదు, మేము దిగాల్సింది ఎక్కడి నుంచి? పదకొండేళ్లు ఆ సందేహం అలాగే ఉంది. ఇప్పుడు బెంచీ మీద నుంచి బల్ల ఎత్తు కనిపిస్తుంటే, బల్ల అవతల తన స్టూలు కనిపిస్తుంటే, తనకూ గుర్రం ఉందని తెలిసింది. ఎక్కినట్టు కూడా తెలియకుండా ఎక్కింది. తెల్ల అంగీ వేసుకున్న రోజు ఎక్కింది, పటాన్‌చెరు సేట్లు లేచి నమస్తే సిస్టర్ అన్న రోజు ఎక్కింది. పెద్దమ్మ కూడా వెనక ఎక్కి కూర్చుంది, తనను పట్టుకుని. అరవై ఏళ్లు కింద నడిచిన మనిషి. ఆమెను దించాలంటే, తను ఎట్లా...

ఆటో ఆగింది. పెద్దమ్మ దిగింది. కొత్త చీర, చేతిలో పూల దండ కవరు, కాలికి బుధవారం నాటి కట్టు. కుంటుతూ వచ్చి విమల పక్కన కూర్చుని వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా మాట్లాడింది.

"నా బిడ్డ. ఇయ్యాల ఈమెదే పండుగ. పదింటికి పూజ, అందరు రాండ్రి, దావత్ ఉన్నది." ఆ తర్వాత చెవి దగ్గర: "జెర జల్దీ కట్టు కట్టు బిడ్డా. నలుగుట్ల కుంటుకుంట పోతె బాగుండదు. మన వాడకట్టుల నీ అసొంటిది ఎవలున్నరే."

పెద్దమ్మ చెయ్యి విమల మోకాలి మీద ఉంది. కందులు చెరిగిన చెయ్యి. ఒక దారి ఉంది, విమలకు అది ఇప్పుడే తోచింది, తేలికైన దారి. నీ కాలు మిగిలింది ఆమె వల్లనే పెద్దమ్మా అని చెప్పొచ్చు. వరుస అంతా వింటుంది, పెద్దమ్మ ఏడుస్తుంది, వేళ్ల సందుల పుండ్లావిడ ఏడుస్తుంది, ఇంకో వారానికి రెహెమా ముందు నలుగురు కూర్చుంటారు. కాలు కాపాడింది కాబట్టి. కాపాడకపోతే? ఏమీ రాని మనిషైతే, గాజ్ చుట్టడం కూడా సరిగా రానిదైతే, లోపల కూర్చోబెట్టడం తప్పు కాకుండా పోతుందా? తాత జ్ఞానస్నానం తీసుకున్నప్పుడు ఎవరి కాలూ కాపాడలేదు. ఆ మాట చెప్పకూడదు. మోకాలి మీది చెయ్యి తీసి పెద్దమ్మ ఒడిలో పెట్టింది. లేచింది. ఆరు గంటల యాభై నిమిషాలు.

"అందరు జెర ఇనుండ్రి." మఠం తెలుగు రాలేదు నోటికి, వాడ తెలుగే వచ్చింది. "సిస్టర్ రెహెమాను లోపల కూసోబెట్టింది నేను. ఆమెకు పని రాకనో, పానం బాగ లేకనో కాదు. నల్లగున్నదని మీరు ఆమె చెయ్యి వద్దన్నరు. నేను మీ మాట ఇన్న. ఫ్యాను ఉన్నదని అబద్ధం చెప్పిన. దేవుని పేరు తీసి చెప్పిన. తప్పు నాది."

తెలుగు రాని క్రషర్ మనిషి ఏమందని మొగులమ్మను అడిగాడు, "క్యా బోలీ?"

"గలతీ మాన్ రహీ," అంది మొగులమ్మ, తప్పు ఒప్పుకుంటోందని. చీపురు కింద పెట్టలేదు. "కాలీ సిస్టర్ కో అందర్ బిఠాయా నా, ఉస్కే వాస్తే."

"పొద్దుగాల్నే ఇదేంది సిస్టరమ్మా," అన్నాడు చిన్నరాములు. "మేమేమన్నమని? నేనైతె ఏమనలే."

"నువ్వు ఏమనలే. చెప్పులు సూసినవ్," అంది మొగులమ్మ.

పెద్దమ్మ లేచింది. "నన్నేనా బిడ్డా నువ్వు అనేది?"

"మొదలు నీ మాటనే ఇన్న పెద్దమ్మా. ఇనకపోవాల్సి ఉండె."

"పండుగ పూట నా ఇజ్జత్ తీసినవ్. సేటు ముంగట నేను వంగినన్ని దినాలు నీ ఫీజుకే వంగిన." దండ కవరు బెంచీ మీద పెట్టి బయటికి నడిచింది. విమల ఒక అడుగు వేసి ఆగింది.

కర్టెన్ పక్కకు జరిగింది. రెహెమా గాజ్ డ్రమ్ము రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. విమల మోకాళ్ల మీద కూర్చుంది, నేల మీద మొగులమ్మ ఊడ్చి వదిలిన దుమ్ము కుప్ప పక్కన.

"నన్ను క్షమించు సిస్టర్."

రెహెమా డ్రమ్ము బల్ల మీద పెట్టింది. అరచెయ్యి విమల తల మీద పెట్టింది. బరువుగా ఉంది ఆ చెయ్యి, అలాగే ఉంచింది. విమల కళ్లు మూసుకుంది, ఆ చేతి కింద తలలో ఒక్క మాట లేదు, పదకొండేళ్ల ప్రార్థనల్లో ఎన్నడూ అంత ఖాళీ కాలేదు. రెహెమా రెండో చెయ్యి ఇంకా డ్రమ్ము అంచును గట్టిగా పట్టుకుని ఉందని కళ్లు తెరిచాక కనిపించింది. అంతవరకు రెహెమాకు కూడా కష్టంగా ఉంటుందని విమల అనుకోలేదు.

"క్షమించిన," అంది రెహెమా. "ఇగ లే. లైన్ ఆగింది. రిజిస్టర్ తియ్యి."

కుడి స్టూలు మీది దూది డబ్బా తీసి కింద పెట్టి కూర్చుంది. "ఒకటో నంబర్."

నర్సింహమ్మ తన చెప్పుల వైపు చూసింది. చేతులు కొంగులో చుట్టుకుంది. లేవలేదు. "రెండో నంబర్." నువ్వు పో తమ్మీ అన్నాడు చిన్నరాములు పక్కవాడితో, ఎవరూ పోలేదు. మూడో నంబరు మనిషి బిళ్ల కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు. "నాలుగో నంబర్." క్రషర్ మనిషి లేచి వచ్చి స్టూలు ఎదురుగా కూర్చుని, గుడ్డ విప్పి చెయ్యి చాపాడు. రెహెమా ఆ చెయ్యి పట్టుకుంది. విమల రిజిస్టరులో తేదీ వేసి, నంబరు నాలుగు అని మొదటి గీత మీద రాసింది. నర్సింహమ్మ కొంగులోంచి ఒక చెయ్యి తీసి చూసుకుంటోంది.

ఏడు గంటల పది నిమిషాలకు పెద్దమ్మ గేటు దగ్గర ఉంది. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమె ఆటో ఎక్కలేదు. లోపలికి కూడా రాలేదు.